సర్‌వరఖ్ ఉంది, కితాబ్ లేదు

మొన్న ఇత్వార్ పొద్దున నేను చాయ్ పెడుతుంటే మా చిన్నోడు ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"అబ్బా, నాకు ఈ కితాబ్ కావాలి."

చూశాను. పాత కామిక్ పుస్తకం సర్‌వరఖ్ అది. రంగు వెలిసిపోయింది, మూలలు మడత పడ్డాయి. పైన 30 సెంట్లని ధర, దాని పక్కన పోస్టల్ స్టాంపంత ముద్ర ఉన్నాయి. బొమ్మలో బ్యాట్‌మాన్, స్పైడర్‌మాన్ ఒక మేడ అంచున వీపుకి వీపు ఆనించి నిలబడ్డారు. కింద నుంచి ఏవో నీడలు పైకి పాకుతున్నాయి.

"దొరకదు బేటా."

"బహుత్ మహెంగా?"

"మహెంగా కాదు. అసలు లేనే లేదు. ఎవరో షౌఖ్‌తో సర్‌వరఖ్ ఒక్కటే తయారు చేశారు. లోపల కథ లేదు, పేజీలూ లేవు."

వాడు కాసేపు ఆలోచించాడు. "మరి ధర ఎందుకు వేశారు?"

ఇరవై ఏళ్ళుగా అఖ్బారుల్లో పనిచేస్తూ జనాన్ని సవాళ్ళు అడిగి బతుకుతున్నవాణ్ణి. ఇంత సూటి సవాల్ నేనెప్పుడూ అడగలేదు. ఆ రోజు వాడికి జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు మీకు చెబుతాను.

ముందు సంగతేమిటో తెలియనివాళ్ళ కోసం. అమెరికాలో కామిక్స్ వేసే పెద్ద కంపెనీలు రెండు, డీసీ, మార్వెల్. సూపర్‌మాన్, బ్యాట్‌మాన్, వండర్ వుమన్ డీసీ వాళ్ళ సొత్తు. స్పైడర్‌మాన్, హల్క్, కెప్టెన్ అమెరికా, ఎక్స్‌మెన్ మార్వెల్ వాళ్ళ ఇంటి పిల్లలు. ఈ ఇంటివాడు ఆ ఇంటి కథలోకి ఇజాజత్ లేకుండా అడుగు పెట్టకూడదు. పెట్టాడంటే వకీళ్ళు వస్తారు. కాబట్టి అభిమానులు ఏం చేస్తారంటే, పాత సర్‌వరఖ్‌ల మీది బొమ్మల్ని కంప్యూటర్‌లో కత్తిరించి, రెండిళ్ళ వాళ్ళనీ ఒకచోట నిలబెట్టి, కొత్త సర్‌వరఖ్ కట్టేస్తారు. పేరు అక్షరాలు ఆ జమానా వాటిలాగే ఉంటాయి. ధర, నెల, సంచిక నంబర్, సెన్సార్ ముద్ర అన్నీ వేస్తారు. కాగితానికి పసుపు పట్టిస్తారు, మడతలు కూడా గీస్తారు. ఏ 1978లోనో ఆగిపోయిన పత్రిక పేరు తీసుకుని, అది ఆగకుండా నడిచి ఉంటే తర్వాతి నెల ఇలా వచ్చేదని నంబర్లు వేసుకుంటూ పోయేవాళ్ళూ ఉన్నారు.

ఇది నకిలీ సరుకు కాదా అంటే, కొనేవాడు లేడు, మోసపోయేవాడూ లేడు. ఖయాలీ సర్‌వరఖ్ అంటే సరిపోతుంది.

తమాషా ఏమిటంటే ఈ పని మొదలుపెట్టింది అభిమానులు కాదు, కంపెనీలే. 1940లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన పేరుతో డీసీ వాళ్ళు ఒక ప్రత్యేక సంచిక వేశారు. దాని మీద సూపర్‌మాన్, బ్యాట్‌మాన్, రాబిన్ ముగ్గురూ కలిసి ఉన్నారు. లోపలికి వెళ్తే ఎవరి కథ వాళ్ళది. 1941లో అదే ఊపు మీద 'వరల్డ్స్ బెస్ట్ కామిక్స్' మొదలుపెట్టి, రెండో సంచికకే పేరు మార్చి 'వరల్డ్స్ ఫైనెస్ట్' చేశారు. ప్రతిసారీ సర్‌వరఖ్ మీద ఆ ముగ్గురే కనిపిస్తారు. పేజీ తిప్పితే మాత్రం సూపర్‌మాన్ ఒక ఊళ్ళో, బ్యాట్‌మాన్ ఇంకో ఊళ్ళో. ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. ఇద్దరూ ఒకరి అసలు పేరు ఒకరు తెలుసుకుని జోడీ కట్టిన కథ 1952లో గానీ రాలేదు. అది కూడా ఈ పత్రికలో కాదు, సూపర్‌మాన్ సొంత పత్రికలో. 'వరల్డ్స్ ఫైనెస్ట్'లో వాళ్ళు నిజంగా కలిసింది 1954లో, 71వ సంచికలో. దానికి కారణం దోస్తీ కాదు. పేజీలు తగ్గించి ధర 10 సెంట్లకు దించారు, ఇద్దరికీ వేర్వేరు కథలు వేసే జాగా లేకపోయింది. ఒకే కథలో సర్దేశారు. ఇరుకింట్లో అన్నదమ్ములిద్దరికీ ఒకే గది ఇచ్చినట్టు.

అంటే పదమూడేళ్ళ పాటు సర్‌వరఖ్ చూసి కొన్న ప్రతి పిల్లవాడూ లోపల లేని దోస్తీని కొన్నాడు. మా చిన్నోడి సవాల్‌కి సగం జవాబు ఇక్కడే ఉంది. అక్కడ ధర వేసింది సర్‌వరఖ్‌కే.

ఆ వ్యాపారంలో సర్‌వరఖ్‌దే పైచేయి. దుకాణంలో పుస్తకాలు వరసగా వేలాడుతుంటాయి, పిల్లవాడి చేతిలో ఒక్క నాణెం ఉంటుంది. డీసీలో జూలియస్ ష్వార్ట్జ్ అనే సంపాదకుడు ముందు సర్‌వరఖ్ గీయించి, తర్వాత దానికి తగ్గ కథ రాయించేవాడు. ముసవ్విర్ ఏదో అసాధ్యమైన దృశ్యం గీసి తెస్తాడు. రచయిత తల పట్టుకుని, అది ఎలా జరిగిందో కథలో తేల్చాలి. 1950ల్లో గొరిల్లా బొమ్మ ఉన్న సంచికలు బాగా అమ్ముడవుతున్నాయని తెలిసి డీసీ వాళ్ళు దొరికిన ప్రతి సర్‌వరఖ్ మీదా గొరిల్లాని ఎక్కించారు. మన దగ్గర సినిమా పోస్టర్ మీద కనిపించే హెలికాప్టర్ సినిమాలో ఎక్కడా లేకపోయినట్టు, అందులో కొత్తేమీ లేదు.

ఇక రెండు కంపెనీల దుష్మనీ సంగతి. అది మనం అనుకున్నంత సాదాసీదాది కాదు. 1957లో మార్వెల్ అప్పటికింకా ఆ పేరుతో లేదు. దానికి సరుకు పంచే కంపెనీ మూతపడింది. దుకాణాలకు పుస్తకాలు చేర్చే దారి లేక ఎవరి దగ్గరికి వెళ్ళారో తెలుసా? ఇండిపెండెంట్ న్యూస్ దగ్గరికి. ఆ కంపెనీ డీసీ యజమానులదే. సరే, మీ పుస్తకాలు మేమే పంచుతాం, కానీ నెలకు ఎనిమిదికి మించి కుదరదని షర్త్ పెట్టారు. 1962లో స్పైడర్‌మాన్ మొదటిసారి బయటికి వచ్చినప్పుడు అతన్ని దుకాణానికి చేర్చింది రఖీబ్ బండే. ఇంకోటి వినండి. 'సూపర్ హీరో' అనే మాట మీద ట్రేడ్‌మార్క్‌ని ఈ ఇద్దరు దుష్మన్లూ కలిసి దశాబ్దాల పాటు పట్టుకున్నారు, ఉమ్మడి ఆస్తిలాగా. 2024 సెప్టెంబరులో ఒక చిన్న కంపెనీ పిటిషన్ వేస్తే అక్కడి ట్రేడ్‌మార్క్ బోర్డు దాన్ని రద్దు చేసింది. గోడకి అటూ ఇటూ తిట్టుకునే ఇద్దరు, గోడ కింద జాగా మాత్రం కలిసి కబ్జా చేసుకున్నారన్న మాట.

రచయితలకీ ముసవ్విర్లకీ ఆ దుష్మనీ ఉండేది కాదు. ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ పనిచేసేవాళ్ళు. సాయంత్రం ఒకే చోట భోంచేసేవాళ్ళు. 1969లో మార్వెల్ వాళ్ళు అవెంజర్స్ కథలో ఒక దుష్ట ముఠాని దింపారు. చూస్తే అది డీసీ వాళ్ళ జస్టిస్ లీగే, పేర్లు మార్చి, వేషం మార్చి. 1971లో డీసీ వాళ్ళు బదులు తీర్చుకున్నారు. ఇంకా గమ్మత్తైనది 1972లో జరిగింది. వర్మాంట్ రాష్ట్రంలో రట్లండ్ అనే ఊళ్ళో ఏటా హాలోవీన్ ఊరేగింపు జరుగుతుంది. స్టీవ్ ఎంగిల్‌హార్ట్, జెర్రీ కాన్వే, లెన్ వీన్ అనే ముగ్గురు రచయితలు కూడబలుక్కుని, మూడు వేర్వేరు పత్రికల్లో ఆ ఊరి ఊరేగింపు రాత్రినే కథ పెట్టారు. రెండు పత్రికలు మార్వెల్‌వి, ఒకటి డీసీది. మూడు కథల్లోనూ తామే పాత్రలుగా కారేసుకుని తిరిగారు. పక్క కంపెనీ హీరో పేరు ఎక్కడా ఎత్తలేదు. మూడూ కొని పక్కపక్కన పెట్టుకున్నవాడికి మాత్రమే ఒకే రాత్రి, ఒకే వీధి అని తెలుస్తుంది.

ఉర్దూ మీడియంలో చదివిన నాకు ఈ ఆకలి కొత్త కాదు. మా పెద్దవాళ్ళు ఇబ్నె సఫీ నవలల పిచ్చివాళ్ళు. జాసూసీ దునియాలో కర్నల్ ఫరీదీ, కెప్టెన్ హమీద్. ఇంకో వరసలో అలీ ఇమ్రాన్. ఇద్దర్నీ కలిపితే ఎవరు గెలుస్తారని గంటల తరబడి బహస్ నడిచేది. 'జమీన్ కే బాదల్'లో సఫీ సాబ్ ఇద్దర్నీ కలిపాడు. ఆయనకు ఎవరి ఇజాజత్ అక్కర్లేదు, ఇద్దరూ ఆయన ఖలం నుంచి పుట్టినవాళ్ళే. అమెరికాలో కష్టమంతా అక్కడే వచ్చింది. పుట్టించినవాడు ఒకడు, మాలిక్ మరొకడు.

ఇక్కడ కాస్త ఆగాలి. సూపర్‌మాన్‌ని పుట్టించింది జెర్రీ సీగెల్, జో షూస్టర్. క్లీవ్‌లాండ్‌లో వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు. 1938లో హక్కులన్నీ కలిపి 130 డాలర్లకు రాసిచ్చారు. ఆ తర్వాత కోర్టులకు వెళ్ళారు, ఓడిపోయారు, వాళ్ళ పేర్లు పేజీల మీద నుంచి మాయమయ్యాయి. 1975 నాటికి షూస్టర్‌కి చూపు దాదాపు పోయింది, సీగెల్ చిన్న గుమాస్తా ఉద్యోగంలో ఉన్నాడు. అప్పుడే సూపర్‌మాన్ మీద భారీ సినిమా తీస్తున్నారన్న వార్త వచ్చింది. సీగెల్ తన గోడంతా రాసి అఖ్బారులకు పంపాడు. నీల్ ఆడమ్స్, జెర్రీ రాబిన్సన్ అనే ముసవ్విర్లు వాళ్ళ పక్షాన నిలబడి టీవీల్లో, అఖ్బారుల్లో మాట్లాడారు. ఆ డిసెంబరులో కంపెనీ దిగివచ్చింది. ఇద్దరికీ ఏడాదికి 20,000 డాలర్ల చొప్పున పెన్షన్ ఇస్తామంది, సూపర్‌మాన్ కథల మీద వాళ్ళ పేర్లు మళ్ళీ వేస్తామంది.

ఇత్తెఫాఖ్ చూడండి. సరిగ్గా అదే చలికాలంలో, 1976 మొదట్లో, సూపర్‌మాన్, స్పైడర్‌మాన్ కలిసిన మొట్టమొదటి పుస్తకం బయటికి వచ్చింది. మామూలు కామిక్ 25 సెంట్లుంటే దీని ధర 2 డాలర్లు. పళ్ళెమంత పెద్ద సైజు. రాసింది కాన్వే, రట్లండ్ ముగ్గురిలో ఒకడు. గీసింది రాస్ ఆండ్రూ, సిరా దిద్దింది డిక్ జోర్డానో. ఆండ్రూ అంతకు ముందే రెండు కంపెనీల్లోనూ పనిచేసి, ఇద్దరు హీరోలనీ గీసిన చెయ్యి. అయినా కంపెనీలకు నమ్మకం చాలలేదు. సూపర్‌మాన్ ముఖాలు కొన్ని నీల్ ఆడమ్స్ మళ్ళీ దిద్దాడు, స్పైడర్‌మాన్ వేషం తీసేసినప్పటి పీటర్ పార్కర్ ముఖాల్ని మార్వెల్ వైపు నుంచి జాన్ రోమిటా దిద్దాడు. ఎవరి పిల్లవాడి ముఖం వాళ్ళింటి చెయ్యే కడగాలన్నట్టు. వాళ్ళ పేర్లు పుస్తకంలో వేయలేదు. సర్‌వరఖ్ మీద న్యూయార్క్ మేడలపైన గాల్లో ఇద్దరూ ఎదురెదురు. అంత బలశాలిని సాలీడు కుర్రాడు ఎలా కొడతాడంటే, దానికీ కథలో ఉపాయం ఉంది. సూపర్‌మాన్ బలాన్ని హరించే ఎర్ర సూర్యుడి కిరణాలు స్పైడర్‌మాన్ మీద పడతాయి. అది దిగేదాకా ముకాబ్లా, దిగిన తర్వాత దోస్తీ. మన పాత సినిమాల్లో ఎన్టీఆర్, ఏఎన్నార్ కలిసి నటిస్తే ఎవరికి ఎన్ని డైలాగులని అభిమానులు లెక్కపెట్టినట్టే అక్కడా లెక్కపెట్టారు.

అది బాగా అమ్ముడుపోయింది. 1981లో ఆ ఇద్దరే మళ్ళీ కలిశారు. అదే ఏడాది బ్యాట్‌మాన్, హల్క్ కలిశారు. 1982లో ఎక్స్‌మెన్, టీన్ టైటాన్స్.

తర్వాతది అసలు పెద్ద పెళ్ళి, జస్టిస్ లీగ్, అవెంజర్స్. 1983లో వస్తుందన్నారు. గీయడానికి జార్జ్ పెరెజ్‌ని పెట్టుకున్నారు. గుంపుల్ని గీయడంలో అతనికి సాటి లేరు. వందమంది ఉంటే వందమందికీ వేర్వేరు ముఖాలు, వేర్వేరు నిలబడే తీరు ఉంటాయి. అతను ఇరవైకి పైగా పేజీలు గీశాక కథ విషయంలో రెండు ఆఫీసులకూ తగువు వచ్చింది. మాట మాట పెరిగింది, నిఖా ఆగిపోయింది. ఆ పేజీలు అలాగే ఉండిపోయాయి. ఇరవై ఏళ్ళు. అభిమానులు తమ ఖయాలీ సర్‌వరఖ్‌లతో ఆ ఖాళీని నింపుకున్నారు.

ఈ మధ్యలో 1996లో ఇంకో వింత జరిగింది. వ్యాపారం పడిపోతున్న రోజులవి, ఆ ఏడాది చివరికి మార్వెల్ దివాలా కోర్టుకెక్కింది కూడా. రెండు కంపెనీలూ కలిసి హీరోల ముకాబ్లా పెట్టి, వాటిలో ఐదింటి ఫలితాన్ని పాఠకుల ఓట్లకే వదిలాయి. అది సగంలో ఉండగానే 'అమాల్గమ్' అని పన్నెండు సంచికలు వేశాయి. బ్యాట్‌మాన్, వుల్వరిన్ ఇద్దరూ కలిసి ఒకే మనిషి, సూపర్‌మాన్, కెప్టెన్ అమెరికా కలిసి ఇంకో మనిషి. ఆ కంపెనీ ఏనాటి నుంచో ఉన్నట్టు నటించారు. ఎప్పుడూ రాని పాత సంచికల ప్రస్తావనలు, ఎవరూ రాయని పాఠకుల ఉత్తరాలు, వాటికి సంపాదకుడి జవాబులు. అభిమాని పిచ్చిని కంపెనీ ఖజానా ఖర్చుతో చేశారు. నాకైతే ఆ కథల కంటే ఆ దొంగ ఉత్తరాలే ఎక్కువ నచ్చాయి.

పెరెజ్‌కి అవకాశం 2003లో వచ్చింది. రచయిత కర్ట్ బ్యుసిక్. నాలుగు సంచికలు. మూడో సంచిక సర్‌వరఖ్ మీద అప్పటిదాకా ఆ రెండు జట్లలో చేరిన ప్రతి ఒక్కరినీ గీశాడు, 200 మందికి పైగా. భూతద్దం పెట్టి చూడాల్సిన తస్వీర్ అది. తర్వాత రెండు కంపెనీలూ మళ్ళీ తలుపులు మూసుకున్నాయి, పుస్తకం ముద్రణలో లేకుండా పోయింది. 2021 డిసెంబరులో పెరెజ్ తనకు నయం కాని క్యాన్సర్ వచ్చిందని, చికిత్స వద్దనుకున్నానని లోకానికి చెప్పాడు. అభిమానులు అడిగారు. రెండు కంపెనీలూ ఒప్పుకున్నాయి. ముసవ్విర్ల సాయం కోసం నడిచే ఒక సంస్థ ద్వారా 7,000 ప్రతులు వేశారు, అంతే. 2022 మే 6న అతను వెళ్ళిపోయాడు. 2025లో డెడ్‌పూల్, బ్యాట్‌మాన్‌లతో రెండు కంపెనీలూ మళ్ళీ కలిశాయి.

ఇప్పుడు మా ఇంటి సంగతి. 1990 ప్రాంతాల్లో మా భాయిజాన్ నన్ను సైకిల్ మీద ఎక్కించుకుని ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల బజారుకి తీసుకెళ్ళేవాడు. దూరదర్శన్‌లో స్పైడర్‌మాన్ కార్టూన్ వచ్చే రోజులు. సూపర్‌మాన్ అంటే మా వీధిలో సగం మందికి ఎన్టీఆర్ 1980 సినిమానే. రద్దీ కట్టల్లో అమెరికా కామిక్స్ దొరికేవి, చాలావాటికి సర్‌వరఖ్ ఉండేది కాదు. ఎందుకుండదో చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అమెరికాలో దుకాణదారు అమ్ముడుపోని సంచిక మొత్తం వాపస్ చేయనక్కర్లేదట. సర్‌వరఖ్ చింపి అదొక్కటే పంపితే పైసలు తిరిగి ఇచ్చేస్తారు. మిగిలింది చెత్తలో వేయాలి. వేయకుండా చవకగా అమ్మేసుకునేవాళ్ళు.

కాబట్టి మా దగ్గర కితాబ్ ఉంది, సర్‌వరఖ్ లేదు. ఎండాకాలం సెలవుల్లో భాయిజాన్ కూర్చుని సర్‌వరఖ్‌లు గీసేవాడు. స్కూల్ డ్రాయింగ్ షీట్ల వెనకవైపు, స్కెచ్ పెన్నులతో. తర్వాతి కాలంలో సైన్‌బోర్డులు రాసిన చెయ్యి అది, అప్పటికే అక్షరాలు ముద్రించినట్టు ఉండేవి. లోపల ఎవరున్నారన్న పట్టింపు లేదు. బ్యాట్‌మాన్ కథకి సర్‌వరఖ్ మీద స్పైడర్‌మాన్ కూడా ఉంటాడు. పైన ధర వేసేవాడు, 1 రూపాయి. అదేంటని అడిగితే, "ధర లేకపోతే కితాబ్ ఎలా అవుతుందిరా?" అనేవాడు.

అవన్నీ చెదలు తిన్నాయి. ఒక్కటి మిగిలింది, సూపర్‌మాన్, స్పైడర్‌మాన్ ఇద్దరూ ఒక మేడ మీద కూర్చుని చాయ్ తాగుతున్నారు. దాన్నీ, చిన్నోడు తెచ్చిన బొమ్మనీ కలిపి భాయిజాన్‌కి పంపాను. ఆయన దమ్మామ్‌లో ఉంటాడు. ఈ ఖయాలీ సర్‌వరఖ్‌ల మీద నాకున్న ఒకే షికాయత్ కూడా చెప్పాను. బొమ్మ ఏ పాత ముసవ్విర్ గీసినదాన్నుంచి కత్తిరించారో చాలామంది పేరు వేయరు. ధర వేస్తారు, మడతలు గీస్తారు, ఆ పేరు మాత్రం వేయరు. సీగెల్, షూస్టర్ ముప్ఫై ఏళ్ళు కొట్లాడింది దానికోసమే కదా అన్నాను.

రాత్రికి ఆయన గొంతు వచ్చింది. "బ్యాట్‌మాన్ నీడ తప్పు పడింది, దీపం ఇటు ఉంటే నీడ ఇటే ఎలా పడుతుంది? సరేగానీ, మన దాని మీద నేను దస్తఖత్ పెట్టానా?"

ముందువైపంతా వెతికాను. లేదు. వెనక్కి తిప్పితే ఒక జామపండు బొమ్మ, పదికి ఆరు మార్కులు, కింద ఆయన పేరు, తొమ్మిదో జమాత్, రోల్ నంబర్ 17.

చిన్నోడు దాన్ని తన కాపీకి అట్టగా వేసుకుంటానంటున్నాడు. ఇవ్వలేదు. లోపల కథ రాసి తెస్తే చూద్దామన్నాను.